గిన్నెలోంచి కాగులోకి

టక్ జున్‌సాంగ్ చెఫ్‌గారూ, మీకు తెలుసు. తెలియక జరిగిందని మీ చానెల్ వాళ్ళు చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి, మీరు మాత్రం ఆ మాట అనకండి. బున్‌రే అక్క గిన్నె వంచి చారు తిరిగి కాగులోకి ఎందుకు పోస్తుందో మీకు తెలుసు. తెలిసీ, దేశమంతా ఆమెను ఎంగిలి అమ్మే మనిషి అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నారు. దర్శకురాలు సన్ హెరిమ్‌గారూ, మీరు బొమ్మ కోశారు, అతికారు, పైన డప్పు చప్పుడు పెట్టారు. మా బజారు సంఘం అధ్యక్షుడు కూ మన్‌సిక్, నువ్వు వాళ్ళ కారు తలుపు తీసి పట్టుకున్నావు. ముగ్గురి పేర్లూ మొదటే రాస్తున్నాను. తర్వాత ఇది ఎవరి గురించి అని ఎవరూ అడగక్కర్లేదు.

నాది మసాన్ బజారులో చేప ముద్దల కొట్టు. పుల్లలకు గుచ్చి వేడి నీళ్ళలో నిలబెట్టి అమ్ముతాను. నా కొట్టుకీ బున్‌రే అక్క చారన్నం కొట్టుకీ మధ్య గోడ కూడా లేదు, ఒక రేకు ఉంది. ఆమె దగ్గితే నాకు వినబడుతుంది, నేను తిడితే ఆమెకు వినబడుతుంది. అందుకని జరిగింది చెప్పడానికి నాకంటే దగ్గరివాళ్ళు ఎవరూ లేరు.

ముందు ఈ వంట ప్రోగ్రాముల సంగతి. నేనూ చూస్తాను, చూడనని బడాయి పోను. కానీ ఒకటి గమనించాను. రుచి తెలిసేది నాలుకకి. టీవీకి నాలుక లేదు. అందుకని ముఖం చూపిస్తారు. చెఫ్ ముఖం విప్పారితే బాగున్నట్టు, ముడుచుకుంటే బాగాలేనట్టు. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడు ఒక్క ముద్ద తినకుండానే తీర్పు చెప్పేస్తాడు. దేశం మొత్తం ఒక మనిషి కనుబొమ్మలు చూసి ఆకలి తెచ్చుకుంటోంది, ఆ మనిషి కనుబొమ్మలు చూసే మానుకుంటోంది. 'గరిటె తీర్పు' అని పేరు పెట్టారు మీ ప్రోగ్రాముకి. గరిటె ఎవరి చేతిలో ఉందో చూస్తే తెలుస్తుంది, తీర్పు ఎవరి మీదో.

మా బజారును ఎన్నుకున్నారని తెలిసిన రోజు కూ అధ్యక్షుడు వీధంతా తిరిగి చెప్పాడు. ఎండు నెత్తళ్ళు అమ్మే మనిషి, ఆ రోజు తలకి నూనె రాసుకుని, కోటు వేసుకుని వచ్చాడు.

"ఇంక మన వీధికి లైను కడతారు. సియోల్ నుంచి రైలెక్కి వస్తారు. బున్‌రే, నీ కొట్టులోనే మొదలుపెడతారట. కాస్త గోడలు కడుగు."

"గోడలు రోజూ కడుగుతాను. నువ్వే ఎప్పుడూ కాగు వైపు తప్ప గోడ వైపు చూడలేదు," అంది అక్క.

ఆమె పని ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే వీళ్ళు చేసింది అర్థం కాదు. పొద్దున్నే అన్నం వండి, వెదురు బుట్టలో పరిచి, గుడ్డ కప్పి చల్లారనిస్తుంది. పక్కన ఇనుప కాగులో పంది ఎముకల చారు మరుగుతూ ఉంటుంది. ఎవరైనా వచ్చి కూర్చుంటే చల్లటి అన్నం కడిగిన గిన్నెలో వేసి, దాని మీద మరిగే చారు ఒక గరిటె పోస్తుంది. గరిటె వెనక వైపుతో అన్నాన్ని అదిమిపట్టి, గిన్నె వంచి ఆ చారు కాగులోకి వంపేస్తుంది. మళ్ళీ పోస్తుంది, మళ్ళీ వంపుతుంది. అన్నం గింజ లోపలిదాకా వేడెక్కేవరకూ అలా చేస్తూనే ఉంటుంది. చివరి గరిటె మాత్రం గిన్నెలో ఉంచి, పైన మాంసం ముక్కలు పరిచి, ఉల్లికాడలు చల్లి ఇస్తుంది. నోరు కాలదు, ఊదుకుంటూ కూర్చోనక్కర్లేదు. రేవులో బరువులు దించి వచ్చేవాళ్ళకి ఊదుకునే తీరిక ఎక్కడిది. దీన్ని తొర్యం అంటాం. మా అమ్మలూ అమ్మమ్మలూ అందరూ ఇలాగే పోశారు.

ఇప్పుడు ఊళ్ళలో కొట్లు మారిపోయాయి. అన్నం మూత ఉన్న స్టీలు గిన్నెలో వేరుగా ఇస్తారు, చారు రాతి గిన్నెలో బుడగలు కక్కుతూ వస్తుంది. పిల్లలకి తెలిసింది అదే. గిన్నె వంచి కాగులోకి పోయడం వాళ్ళు చూడనే లేదు. చూడనివాళ్ళది తప్పు కాదు. చూసినవాళ్ళ సంగతే నేను మాట్లాడుతున్నది.

మీరు వచ్చిన మొదటి రోజు, చెఫ్‌గారూ, గుర్తు తెచ్చుకోండి. వంటగది మూలల్లో కెమెరాలు బిగించి, వాటి మీద మా ఇళ్ళలో పప్పుల డబ్బా మీద కప్పినట్టు గుడ్డలు కప్పారు. మీ కాలరుకి నల్లటి మైకు బొద్దింకలా అంటుకుని ఉంది, దాని చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. ఇంకా షూటింగు అనలేదు ఎవరూ. మీరు నేరుగా కాగు దగ్గరికి వచ్చి, తొంగి చూసి, కళ్ళద్దాలకి ఆవిరి పట్టించుకున్నారు. నేను అప్పుడే పచ్చిమిరపకాయల పళ్ళెం పట్టుకుని వచ్చాను.

"పిన్నీ, ఎన్నిసార్లు వంచుతారు?" అన్నారు.

"అన్నం చాలన్నదాకా," అంది అక్క.

మీరు నవ్వారు. దొంగ నవ్వు కాదు, ఆ రోజు. "మా అమ్మమ్మా ఇదే మాట అనేది. మిర్యాంగ్‌లో కొట్టు. నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి పోసేది. పక్కన కూర్చుంటే ఆకలి ఆగేది కాదు."

ఆ మాట నేను విన్నాను, అక్క విన్నది, మీ మైకు విన్నది.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని నా పళ్ళెంలోంచి ఒక మిరపకాయ తీశారు. "ఇది కారంగా ఉంటుందా?"

"చెఫ్ మీరు. నాలుక మీది. నన్నడుగుతారేంటి," అన్నాను.

కొరికారు. ఆ ముఖం నేను జన్మలో మరిచిపోను. కళ్ళు పెద్దవైపోయాయి, నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది, చెవులు ఎర్రబడ్డాయి. కెమెరా పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వాడు, కెమెరా ఊగింది. హెరిమ్‌గారు నవ్వుతూ నీళ్ళు తెప్పించారు. ఆ తర్వాత మీరు అక్క ఇచ్చిన గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు. తిని, గిన్నె రెండు చేతులా పట్టుకుని ఇచ్చారు. మా వీధిలో ఎవరైనా అలా ఇస్తే బాగుందని చెప్పక్కర్లేదు.

ప్రసారమయ్యే సాయంత్రం వీధంతా అక్క కొట్టులోనే చేరాం. కూ అధ్యక్షుడు బియ్యపు కల్లు తెచ్చాడు. అక్క కొత్త జాకెట్టు వేసుకుని, టీవీ వైపు కాదు, కాగు వైపే తిరిగి కూర్చుని ఓరకంట చూసింది, సిగ్గుపడి.

మొదట బజారు చూపించారు, సముద్రం చూపించారు, అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఒక ఆడమనిషి సగం తిన్న గిన్నె వదిలేసి లేచింది. అక్క దాన్ని తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. బొమ్మ మారింది. గిన్నె కాగులోకి వంగుతోంది, చారు కారుతోంది. రంగు తీసేసి నలుపు తెలుపు చేశారు. మళ్ళీ అదే, నెమ్మదిగా. డప్పు ఒక దెబ్బ. వెంటనే మీ ముఖం. కళ్ళు పెద్దవి, నోరు ఒక పక్కకి. మీ తల పక్కన పెద్ద అక్షరాలు: 'నేను చూస్తున్నది నిజమేనా?' అంతే, ప్రకటనలు వచ్చేశాయి. ఎవరో పిల్ల షాంపూ గురించి పాడుతోంది.

"అయ్యో, నేను బాగానే కనబడ్డాను," అంది అక్క, చేతులు తుడుచుకుంటూ. ఆమెకు ఇంకా తెలియలేదు.

 కూ అధ్యక్షుడు గ్లాసు కింద పెట్టాడు.

"బున్‌రే. ఆ గిన్నె ఎక్కడిది?"

"ఏ గిన్నె?"

"ఇప్పుడు కాగులో పోసిందే. ఆవిడ తిన్నదేనా?"

వాడి జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ వాడు ఆ కొట్టులో తింటున్నాడు. ఆ గిన్నె వంచడం వాడు తన పెళ్ళాం ముఖం కంటే ఎక్కువసార్లు చూసి ఉంటాడు. అయినా అడిగాడు. అక్క వాడి వైపు తిరిగి చూసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్ మన్‌సిక్, నీ కడుపులో ఉన్నది ఏంట్రా మరి, నిన్న మధ్యాహ్నం తిన్నది?"

"నేనేమన్నాను? అడిగాను, అంతే. టీవీలో చూపించారు కదా."

"టీవీలో చూపిస్తే నీ కళ్ళు పీకి అవతల పారేశావా?"

ప్రకటనలు అయిపోయి మళ్ళీ అదే చూపించారు. ఈసారి నేను లేచి టీవీకి ముక్కు ఆనించి చూశాను. మీ పెదవి మూల ఆకుపచ్చటి తునక. దాని పక్కన ఒక తెల్ల గింజ. నా మిరపకాయ. చారు చూసి వచ్చిన ముఖం కాదు అది, నా మిరపకాయ కొరికినప్పటి ముఖం.

"ఇది నా మిరపకాయ," అన్నాను.

"కూర్చోవే మాల్‌సున్, అడ్డం," అన్నారు వెనక నుంచి.

మర్నాటి నుంచి జరిగింది మీరు స్టూడియోలో కూర్చుని చూసి ఉండరు. ఎవరో తిని మిగిల్చిన నూడుల్స్ తెచ్చి ఆమె గడప ముందు గుమ్మరించి పోయారు. కాలేజీ పిల్లలు తలుపు దగ్గర ఫోన్లు పట్టుకుని, "అమ్మమ్మా, ఒక్కసారి వంచవా, మేం వీడియో తీసుకుంటాం" అన్నారు, నవ్వుతూనే, మర్యాదగానే. వాళ్ళకి ఆమె జంతుప్రదర్శనశాల. వార్డు ఆఫీసు నుంచి మనుషులు వచ్చి కాగు, గిన్నెలు, ఎంగిలి పారబోసే డబ్బా అన్నీ చూసి, తప్పేమీ లేదని చెప్పి వెళ్ళారు. అది ఏ చానెలూ చూపించలేదు. తప్పు లేదన్న మాటకి డప్పు కొట్టడం కుదరదు కదా.

అంతకంటే నాకు కడుపు మండింది మా వీధి వాళ్ళతో. చారన్నం కొట్లవాళ్ళు ఒక్కొక్కళ్ళూ అద్దం మీద కాగితం అతికించారు: 'మా కొట్టులో చారు తిరిగి పోయము'. వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఆ వంచడం నేర్చుకున్నదే అక్క దగ్గర. పొద్దున్న నన్ను చూసి కాగితం వెనక్కి తప్పుకున్నారు.

అక్క కొట్టు తెరుస్తూనే ఉంది. అన్నం వండి చల్లారుస్తూనే ఉంది. సాయంత్రానికి ఆ బుట్ట నిండుగా ఉండేది. రేవు నుంచి వచ్చే ముసలివాళ్ళు కొందరు మాత్రం టోపీ కళ్ళ మీదికి లాక్కుని వచ్చి తిని పోయేవాళ్ళు. దొంగ సరుకు కొన్నట్టు.

అప్పుడు ఫోను వచ్చింది. రెండో భాగం తీస్తారట. 'మార్పు' అని దానికి పేరు. మొదటి భాగంలో తన్ని, రెండో భాగంలో లేపి దుమ్ము దులపడం మీ ప్రోగ్రాము పద్ధతి. మీరు వచ్చి అన్నం వేరుగా, చారు వేరుగా ఇవ్వడం నేర్పిస్తారు. మీ ఫోటో ఉన్న మసాలా ప్యాకెట్టు చారులో వేయిస్తారు. అంతకు ముందు ఆమె తల వంచి క్షమాపణ చెప్పాలి.

ఆ పొద్దున హెరిమ్‌గారు ముందుగా వచ్చారు. బల్ల మీద మోచేతులు పెట్టి, చాలా మెత్తగా మాట్లాడారు.

"పిన్నిగారూ, ఒక్క వాక్యం చాలు. 'అలవాటుగా చేశాను, ఇక చెయ్యను.' అంతే."

"ఏం చేశానని?"

"అది చెప్పక్కర్లేదండీ. చూసేవాళ్ళకి అర్థమైపోతుంది."

"ఎంగిలి పోశానని అర్థమవుతుంది."

"మేము ఎక్కడా ఆ మాట అనలేదు పిన్నిగారూ. మీరు మళ్ళీ చూడండి. ఒక్కసారి కూడా అనలేదు."

నిజమే. ఒక్కసారి కూడా అనలేదు. అదే వీళ్ళ పనితనం.

రేకు పక్క నుంచి నేను వచ్చేశాను. "మరి ఆ ముఖం ఏంటండీ? అది నా మిరపకాయకి వచ్చిన ముఖం. అప్పుడు నవ్వింది మీరు కాదా?"

ఆవిడ నా వైపు చూడకుండా కూ అధ్యక్షుడి వైపు చూశారు. వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు వెళ్ళు మాల్‌సున్. నీ నోరు తెరిస్తే చేపల వాసన."

"ఎండు నెత్తళ్ళ బస్తాల మీద పడుకునేవాడివి, వాసన సంగతి నువ్వు మాట్లాడకు. చెయ్యి తియ్."

చెయ్యి తీశాడు. కానీ వాడు అక్క ముందు కూర్చుని మొదలుపెట్టాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"బున్‌రే, నీకు అన్యాయమే జరిగింది, నేను కాదనను. కానీ నువ్వు ఇది చెయ్యకపోతే మిగతా భాగాలు వేరే ఊరికి పోతాయి. చేపలవాళ్ళు ఎదురుచూస్తున్నారు, గవ్వలమ్మే ముసలమ్మ ఎదురుచూస్తోంది. కొత్త బల్లలు వేసుకున్నారు అందరూ. అందరి కోసం ఒక్కసారి తల వంచలేవా? తల వంచితే అరిగిపోతుందా?"

అక్క కిటికీలోంచి చూసింది. వీధికి అవతల ఆ కాగితాలు అతికించిన ఇద్దరూ నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్ళ కొట్లలో బల్లలు కొత్తవి.

"చేస్తాను," అంది.

నేను ఆమె పేరు పెట్టి పిలిచాను. ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది. 

మీరు వచ్చారు, చెఫ్‌గారూ. తెల్ల కోటు, అదే మైకు. ఈసారి కాగు దగ్గరికి రాలేదు. ఆవిరి వైపు కూడా చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని చేతులు మడుచుకున్నారు. తలుపు అవతల వీధంతా నిలబడి ఉంది. దీపాలు వేశారు. నేను రేకు చివర నక్కి ఉన్నాను.

అక్క మీ ఎదురుగా నిలబడి, చేతులు ముందు కట్టుకుని, నడుము వంచింది. సగం వంగాక మొదలుపెట్టింది.

"నేను అలవాటుగా..."

ఆగింది. కెమెరా దగ్గరికి జరిగింది.  ఆమె అలాగే వంగి ఉంది, నేల చూస్తూ. ఆ వాక్యం పూర్తి చేస్తే ఆమె బతుకంతా పోసిన గిన్నెలన్నీ ఎంగిలి అయిపోతాయి. ఆమె అమ్మ పోసినవీ అవుతాయి. ఇక ఎవరూ అడగరు, ఆమే ఒప్పుకుంది అంటారు.

నడుము ఎత్తింది.

"అన్నం బాగా చల్లారింది. ఒక్క నిమిషం ఉండండి," అని కాగు వైపు తిరిగింది.

హెరిమ్‌గారు చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేశారు. మంచి దృశ్యం దొరుకుతుందనుకున్నారు, నాకు తెలుసు. అక్క కడిగిన గిన్నె తీసింది. అన్నం వేసింది. చారు పోసింది, అదిమింది, వంచింది. మూడు కెమెరాలు ఆమె చేతి మీదే. పోసింది, వంచింది. వీధిలో ఎవరూ కదల్లేదు. అందరికీ తెలిసిన పనే, పుట్టినప్పటి నుంచీ చూసిన పనే, కానీ ఆ పొద్దున దొంగతనం చూస్తున్నట్టు చూశారు. చివరి గరిటె పోసి, మాంసం పరిచి, ఉల్లికాడలు చల్లి, మీ ముందు పెట్టింది.

"తినండి. తిని, నేను దేనికి క్షమాపణ చెప్పాలో చెప్పండి. అదే చెబుతాను."

మీ చెయ్యి కదిలింది. మీ బుర్ర కాదు, చెయ్యి. ఉప్పురొయ్యల గిన్నె మూత తీసి, చెంచా కొసతో చిటికెడు తీసి, చారు మధ్యలో కాదు, గిన్నె అంచున కరిగించారు. ఉల్లికాడలు అడుగుకి తొక్కారు. ఎవరు నేర్పారండీ అది? సియోల్‌లో ఏ వంట బడిలో నేర్పుతారు? పొయ్యి పక్కన కూర్చున్న మనవడు తప్ప ఎవరూ అలా చెయ్యరు. చెంచా నిండా తీసి ఎత్తారు కూడా.

"సార్, తినకండి," అన్నారు హెరిమ్‌గారు, మెల్లిగా.

చెంచా గాలిలో ఆగింది.

నేను ఇక ఆగలేదు. "చెఫ్‌గారూ, మిర్యాంగ్‌లో మీ అమ్మమ్మ ఎన్నిసార్లు వంచేది?"

"ఎవరావిడ? బయటికి పంపండి," అని ఎవరో అన్నారు.

అప్పుడు మీరు చేసిన పని నేను చూశాను, అక్క చూసింది, తలుపు దగ్గర ఉన్నవాళ్ళందరూ చూశారు. ఎడమ చేత్తో కాలరు మీది మైకుని మూసేశారు. అరచేతి కింద దాన్ని నొక్కిపట్టి, అక్కతో చెప్పారు.

"పిన్నీ, ఇదంతా నా చేతుల్లో లేదు."

అక్క మీ అరచేతి వంక చూసింది.

"ఆ చెయ్యి ఎవరిది బాబూ మరి?" అంది.

మీరు చెంచా తిరిగి గిన్నెలో పెట్టేశారు. నోటిదాకా వెళ్ళని చెంచా.

అంతటితో అయిపోలేదు. గిన్నె బల్ల మీద ఉంది. అన్నం చారు పీల్చుకుని ఉబ్బుతోంది. దాన్ని ఎవరు తీస్తారు, తీసి ఏం చేస్తారు? కెమెరాలు మీ మీద నుంచి గిన్నె మీదికి తిరిగాయి. ఆమె దాన్ని ఎత్తి కాగు వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, ఇక మీకు కొయ్యక్కర్లేదు, అతకక్కర్లేదు. హెరిమ్‌గారు ఒక మాట కూడా అనకుండా కాచుకుని ఉన్నారు. కూ అధ్యక్షుడు తలుపు దగ్గర నుంచి పళ్ళు బిగించి గొణుగుతున్నాడు: "పారబొయ్. బున్‌రే, తూములో పారబొయ్."

పారబోస్తే, తన వంటను తానే మురికి అన్నట్టు.

అక్క గిన్నె ఎత్తింది. కాగు వైపు చూసింది, తూము వైపు చూసింది. తర్వాత కాలితో స్టూలు లాక్కుని మీ ఎదురుగా కూర్చుంది. మీరు వదిలేసిన చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. కిమ్చి కొరికింది, చారు తాగింది, మాంసం నమిలింది. ఎవరూ ఆపమనలేదు.  మీరు ఆమె నోటి వంక చూస్తూ గుటక వేశారు. ఆకలేసిందో సిగ్గేసిందో మీకే తెలియాలి.

గిన్నె అడుగు కనబడ్డాక, దాన్ని దగ్గరున్న కెమెరా వైపు వంచి చూపించింది.

"తిన్న గిన్నె ఇది. ఇది కడిగే తొట్టిలోకి పోతుంది. ఎప్పుడూ తొట్టిలోకే పోయింది. నేను క్షమాపణ చెప్పను. ఇక లేవండి, మధ్యాహ్నానికి జనం వస్తారు."

జనం రాలేదు ఆ మధ్యాహ్నం. కానీ మీరు లేచారు.

మీరు వెళ్ళాక చానెల్ ఒక ముక్క రాసి పెట్టింది. కొట్టు యజమానురాలు సహకరించనందువల్ల మసాన్ బజారు భాగాలు ఆపేశారట. ఆమె సహకరించలేదు. అవును. గిన్నె తిన్న సంగతి అందులో లేదు, మైకు మూసిన సంగతి లేదు. వీధిలో సగం మంది ఆమెతో మాట్లాడడం మానేశారు. వచ్చే సోమవారం సంఘం సమావేశం. చారన్నం వీధి ముఖద్వారం మీద ఉన్న కొట్ల పేర్లలోంచి ఆమె పేరు తీసేయాలని తీర్మానం. పెట్టింది కూ మన్‌సిక్. ఆ పేరు తీసేస్తే రేవువాళ్ళ టోపీలు కూడా రావు, ఆమె కొట్టు మూసుకోవాల్సిందే. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను, సోమవారం తర్వాత కాదు.

నేను ఈ కాగితం మీ చానెల్‌కి పంపుతున్నాను, మా వీధిలో ప్రతి తలుపు కింద వేస్తున్నాను, రేవు గేటు దగ్గర అతికిస్తున్నాను.

హెరిమ్‌గారూ, వంటగదిలో మీ కెమెరాలు పొద్దున్నుంచి సాయంత్రం వరకూ తిరిగాయి. కొయ్యని ఆ బొమ్మ మొత్తం వెయ్యండి. ఆ ఆడమనిషి గిన్నె ఎక్కడికి పోయిందో, కాగులోకి వంగిన గిన్నె ఎక్కడి నుంచి వచ్చిందో, మధ్యలో కత్తెర లేకుండా చూపించండి. చెఫ్‌గారి ముఖాన్ని తీసుకెళ్ళి నా మిరపకాయ పక్కన, దాని చోట దాన్ని పెట్టండి. మీ ప్రోగ్రాము వచ్చే రోజునే, అదే వేళకి, డప్పు లేకుండా. ఆ మొదటి రోజు మైకులో పడిన మాట కూడా వినిపించండి, మిర్యాంగ్ అమ్మమ్మ మాట. చెరిపేశామని చెప్పకండి. ముఖాన్ని దాచిపెట్టుకుని వాడుకున్నవాళ్ళు మాటనీ దాచిపెట్టుకునే ఉంటారు.

కూ మన్‌సిక్, ఆ తీర్మానం వెనక్కి తీసుకో. తీసుకోకపోతే సమావేశం అక్క కొట్టులో పెట్టు. ఓటు వేసే ప్రతి మనిషీ ముందు ఆ కాగు పక్కన నిలబడి, గిన్నె వంచడం చూసి, తిని, అప్పుడు చెయ్యెత్తాలి. ఎదురు కొట్ల ఆడవాళ్ళూ, ఆ కాగితాలు ఇవాళే పీకండి. మీరు పీకకపోతే నేను వచ్చి పీకుతాను, నాకు గోళ్ళున్నాయి.

చెఫ్‌గారూ, మీరు మసాన్ రావాలి. సోమవారం లోపల. కోటు అక్కర్లేదు. మైకు పెట్టుకునే రండి, చెయ్యి మాత్రం దాని మీద నుంచి తియ్యండి. ఆ స్టూలు మీద కూర్చుని, ఆ గిన్నె తిని, మీకు తెలిసింది గట్టిగా చెప్పండి.